రెండు చుక్కలు, రెండు సున్నాలు



ఈ ఉపన్యాసానికి రమ్మని పంపిన ఆహ్వాన పత్రం పది రోజుల కిందట నాకు అందింది. కవరు విప్పగానే నా కళ్లు పై వరసలోనే ఆగిపోయాయి. "శ్రీ సరస్వత్యై నమ:" అని ఉంది. నమ పక్కన ఉండాల్సింది విసర్గ. అక్కడున్నది ఇంగ్లీషు కోలన్. ఇవాళ ఎవరి పేరు మీద ఇక్కడ చేరామో ఆ పెద్దాయన నలభై ఏళ్లు ప్రూఫులు దిద్ది బతికారు. ఈ కార్డు ఆయన బల్ల మీద పడి ఉంటే ఎర్ర పెన్సిలుతో ఆ చుక్కల చుట్టూ గీత చుట్టి, అంచున రెండు చిన్న సున్నాలు వేసి, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి పంపేవారు. నిర్వాహకులు నొచ్చుకోవద్దు. ఆ తప్పు చూశాకే ఇవాళ ఏం మాట్లాడాలో నాకు తెలిసింది. అంతకుముందు వేరే విషయం మీద నాలుగు పేజీలు రాసుకున్నాను. అవి ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆయన పేరు కార్డు మీద సరిగ్గానే అచ్చయింది. మేం మాత్రం ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ ఆయన ప్రూఫుల మాస్టారే. నేనూ అలాగే అంటాను.

మాస్టారి దగ్గర నేను పని నేర్చుకున్నది సీసపు అక్షరాల కాలంలో. చిన్న ప్రెస్సు. తెలుగు కేసు అంటే తెలుసు కదా, గుణింతాలకీ వత్తులకీ కలిపి లెక్కలేనన్ని గళ్లు. అందులో విసర్గ గడి ఎప్పుడూ అడుగంటి ఉండేది. ఏ పూజావిధానమో, ఏ స్తోత్రాల పుస్తకమో కంపోజింగుకి వస్తే రెండో ఫారానికే ఆ గడి ఖాళీ. అప్పుడు కంపోజిటరు ఇంగ్లీషు కేసులోంచి కోలన్లు తీసి బిగించేవాడు. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. కానీ తెల్లారేసరికి పుస్తకం ఇవ్వాలి, రాత్రి పదయింది, ఫారం మెషీను ఎక్కాలి. అలాంటప్పుడు ఆయన కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవారు. "చదివేది మనిషే కదా, తెలుసుకుంటాడులే" అనేవారు. ఆ మాట నిజమే. సిరా అంటుకున్నాక రెండు చుక్కలకీ రెండు సున్నాలకీ తేడా కాగితం మీద పెద్దగా మిగలదు. కోలన్ ఉంది కదా అని దుఃఖాన్ని ఎవరూ తప్పుగా చదవలేదు.

ఇప్పుడు చదివేది మనిషి ఒక్కడే కాదు. మనకంటే ముందు యంత్రం చదువుతుంది. దానికి ఆకారంతో పని లేదు, నంబరు కావాలి. ప్రతి అక్షరానికీ, ప్రతి గుర్తుకీ యూనికోడ్ పట్టికలో ఒక నంబరు ఉంటుంది. ఇంజనీర్లు వాటిని పదహారు అంకెల లెక్కలో రాస్తారు. నేను మామూలు లెక్కలోకి మార్చి చెబుతాను. కోలన్ నంబరు 58. తెలుగు విసర్గ నంబరు 3075. మన కంటికి అవి కవల పిల్లలు. యంత్రానికి మాత్రం వాటి మధ్య మూడు వేల ఇళ్ల దూరం ఉంది.

ఈ హాలు మాదాపూర్‌లో ఉంది కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. ఈ వీధి చివర కనిపించే సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది, మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టింది. ప్రపంచంలోని కంప్యూటర్లకు పని చేసిపెట్టే ఊరు ఇలా తయారవుతున్న రోజుల్లో, ఆ ఊరి భాషని ఒక కంప్యూటరులో రాసి ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. ఎవరి ఫాంటు వాళ్లది. అను ఫాంటులో కొట్టింది అను ఉన్నచోటే తెలుగు, లేనిచోట ఇంగ్లీషు అక్షరాల గుట్ట. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్లు ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేసుకున్నారు. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గౌతమి ఫాంటు వచ్చాక గానీ మామూలు ఆఫీసు కంప్యూటరులో యూనికోడ్ తెలుగు కనిపించలేదు.

అంతకు పదేళ్ల ముందే, 1991లో, యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకి చోటు దక్కింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు. మన కేసులాగే ఇదీ గళ్ల బల్లే. ఆ గళ్ల అమరిక కొత్తగా ఆలోచించింది కాదు, భారత ప్రభుత్వం చేసిన ఇస్కీ అనే పట్టిక నుంచి వచ్చింది. ఇస్కీలో భారతీయ లిపులన్నిటికీ ఒకటే వరస. అందుకే దేవనాగరి క 2325 అయితే తెలుగు క 3093. తేడా 768. ఖ తీసుకున్నా 768, గ తీసుకున్నా 768. ఒకే నమూనాతో కట్టిన క్వార్టర్లలాగా, ఏ వీధిలో చూసినా అదే గుమ్మం అదే వైపున ఉంటుంది.

ఈ వరసలో ఒకచోట రెండు ఖాళీ గళ్లున్నాయి. 3172, 3173. దేవనాగరి వీధిలో సరిగ్గా అదే చోట దండం, జంట దండం ఉన్నాయి. తెలుగు పట్టికలో ఆ గళ్లు ఖాళీగా వదిలి, దండం కావాలంటే 2404నీ 2405నీ వాడుకోమని చీటీ అంటించారు. అంటే తెలుగు పద్యం చివర మీరు పెట్టే నిలువు గీత యంత్రం లెక్కలో దేవనాగరి దండం. ఆ పేరు నాకు ఈరోజుకీ మింగుడుపడదు. ఒకసారి పెట్టిన పేరుని యూనికోడ్ ఎప్పటికీ మార్చదు, అది వాళ్ల నియమం. కాబట్టి అది అలాగే ఉంటుంది. పేరు సంగతి వదిలేద్దాం. తెలుగుకి సొంత దండం కావాలా, అక్కర్లేదా? దీని గురించి ఆలోచిస్తూ ఉండగానే నేను ఆర్మేనియా దాకా వెళ్లాల్సి వచ్చింది. వెళ్లింది విమానంలో కాదు, ఉప్పుగూడ మీదుగా.

పాతబస్తీ దాటాక ఉప్పుగూడలో ఆర్మేనియన్ల పాత శ్మశానం ఉంది. గోల్కొండ వజ్రాలు, మచిలీపట్నం అద్దకపు బట్టలు వెతుక్కుంటూ వచ్చిన వర్తకుల సమాధులు, 17వ శతాబ్దం నాటివి. రాళ్ల మీద వాళ్ల లిపి చెక్కి ఉంది. మెస్రోవ్ జేకబ్ సేథ్ అనే ఆర్మేనియన్ చరిత్రకారుడు 1937లో కలకత్తా నుంచి వెలువరించిన పెద్ద పుస్తకంలో మన దేశంలోని ఆర్మేనియన్ల కథంతా ఉంది. ఇంకో సంగతి. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో వెలువడింది. ఎక్కడనుకున్నారు? మద్రాసులో. పేరు అజ్‌దరార్. అప్పటికి తెలుగులో పత్రిక అన్న ఊసే లేదు. తర్వాత తెలుగు అచ్చుకి నెలవైన ఊళ్లోనే ఆ లిపి, దానికి మాత్రమే ఉన్న విరామ చిహ్నాలతో సహా, సీసంలో పోతపోసుకుంది.

ఆ చిహ్నాల గురించి చెప్పాలి. నాకు ఆర్మేనియన్ భాష రాదు. నాకు పరిచయం దాని గుర్తులతోనే, ఒక ఉద్యోగంలో పట్టికలు సరిచూసే పని మీద పడినప్పుడు. ఐదో శతాబ్దం మొదట్లో మెస్రోప్ మష్తోత్స్ అనే సాధువు ఆ లిపిని కూర్చాడు. వాళ్ల వాక్యం చివర చుక్క ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలుంటాయి. చూస్తే అచ్చం కోలన్. దాన్ని వెర్జకెత్ అంటారు, చివరి చుక్క అని అర్థం. పవిత్ర నామాలను కుదించి రాసినప్పుడు పైన పెట్టే గీతని పతివ్ అంటారు, ఆ మాటకి గౌరవం అని అర్థం. మనం గారు అని తగిలించే మర్యాదని వాళ్లు ఒక గీతలో సరిపెట్టారేమో అనిపించింది నాకు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది వాళ్ల ప్రశ్నార్థకం. అది వాక్యం చివర రాదు. ఏ మాట గురించి అడుగుతున్నామో ఆ మాట నెత్తిన, దాని చివరి అచ్చు పక్కన, చిన్న కొక్కెంలా కూర్చుంటుంది. అడిగే మాట మారితే గుర్తు కూడా ఆ మాట మీదికి మారుతుంది.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది మనకి తెలిసిన పద్ధతే కదా అనిపించింది. "నువ్వు నిన్న విజయవాడ వెళ్లావా" అంటాం. "నువ్వు నిన్న వెళ్లింది విజయవాడా" అంటాం. "నువ్వు విజయవాడ వెళ్లింది నిన్ననా" అంటాం. "నిన్న విజయవాడ వెళ్లింది నువ్వా" అంటాం. మనం అడిగే మాట చివర ఆ-కారం వచ్చి వాలుతుంది. ఆర్మేనియన్ గుర్తు ఏ మాట మీద ఎక్కుతుందో మన దీర్ఘమూ ఆ మాటకే తగులుతుంది. వాళ్లు చిహ్నంతో చేసే పనిని మనం అక్షరంతో చేస్తాం. ఆ నాలుగు వాక్యాల చివరా నేను ప్రశ్నార్థకం పెట్టలేదు, గమనించారా? పెట్టకపోయినా మీరు ప్రశ్నగానే విన్నారు.

తాళపత్రాల మీద మన లేఖకులు మాటకీ మాటకీ మధ్య ఎడం కూడా ఇవ్వకుండా, పద్యం చివర ఒక గీత గీసి ఎలా నెట్టుకొచ్చారో నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లకి గుర్తులు తెలియక కాదు, అంతగా అవసరం పడలేదు. తెలుగు వాక్యం క్రియ దగ్గర తనంతట తానే ఆగుతుంది. ప్రశ్న దీర్ఘంలో ఉంటుంది. "అని" అన్న మాట కొటేషను పని చేస్తుంది. కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకం మనకి అచ్చు యంత్రంతో పాటు ఓడ దిగాయి. వచ్చినవాటిని పొమ్మనడం నా ఉద్దేశం కాదు, అవి లేకుండా నేనిప్పుడు ఒక పేరా కూడా రాయలేను. కానీ వాటి కోసం తెలుగు పట్టికలో ప్రత్యేకంగా గళ్లు ఎందుకు లేవో తెలియాలంటే ఈ చరిత్ర తెలియాలి.

యూనికోడ్‌లో నంబరు ఇచ్చేది బొమ్మకి కాదు, ఆ బొమ్మ చేసే పనికి. వెర్జకెత్ కోలన్‌లా కనిపించినా వాక్యాన్ని ముగిస్తుంది, కాబట్టి దానికి వేరే నంబరు, 1417. ఆర్మేనియన్ ప్రశ్నార్థకానికి 1374. ఇది మాట మధ్యలో కూర్చుంటుంది కనుక చిక్కొచ్చింది. విరామ చిహ్నం కనబడగానే మాట అయిపోయిందనుకోవడం యంత్రాల అలవాటు. ఆ లెక్కన ఒక్క ఆర్మేనియన్ మాట రెండు ముక్కలవుతుంది. మాటల్ని విడదీసే యూనికోడ్ నియమాల్లో ఆ ప్రశ్నార్థకాన్ని, దాని తోటి ఆశ్చర్యార్థకాన్ని, నొక్కి పలికే గుర్తుని అక్షరాల జాబితాలో చేర్చి ఆ చిక్కు విప్పారు.

గ్రీకువాళ్లకి ఇంత అదృష్టం లేదు. వాళ్ల ప్రశ్నార్థకం సెమికోలన్‌లా ఉంటుంది. దానికి 894 అని నంబరు ఇచ్చారు, ఇచ్చి మళ్లీ అది 59తో, అంటే మామూలు సెమికోలన్‌తో సమానమని ప్రకటించారు. పాఠాన్ని శుద్ధి చేసే ప్రోగ్రాము ఏదైనా ఒకసారి నడిస్తే చాలు, గ్రీకు ప్రశ్న కాస్తా సెమికోలన్ అయిపోతుంది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదు బోర్డులే చూడండి. ఉర్దూ వరస చివర చిన్న అడ్డగీత ఫుల్‌స్టాపు, దాని నంబరు 1748. ఉర్దూ ప్రశ్నార్థకం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, దానికి 1567. ఆ బోర్డు మీదే తెలుగు వరస చివర ఉండేది ఇంగ్లీషు చుక్క.

మనకి అన్యాయం జరిగిందా? ప్రతి లిపికీ వేరే దండం ఇవ్వాలన్న వాదన మన దేశం నుంచి గట్టిగానే వెళ్లింది. అది నెగ్గలేదు. నెగ్గకపోవడమే మంచిదయిందని నా అభిప్రాయం, ఈ సభలో కొందరికి నచ్చకపోయినా సరే. ఒకే శ్లోకాన్ని కన్నడంలో, తెలుగులో, దేవనాగరిలో అచ్చువేస్తాం. మూడింటిలోనూ దండం చేసే పని ఒకటే, గీసే తీరు కూడా ఒకటే. ఆర్మేనియన్ చిహ్నాలకు వేరే నంబర్లు వచ్చింది వాటి పని వేరు కాబట్టి. అభిమానం కోసం నంబరు అడిగితే ఆ తర్వాత వెతుకులాటలో మన పాఠాలే మనకి దొరకవు.

పైగా, ఉన్న దండాన్ని మనం వాడుతున్నామా? పద్యం టైపు చేసేవాళ్లలో చాలామంది ఎంటర్ మీట పైనున్న నిలువు గీతని కొడతారు. దాని నంబరు 124. అది ప్రోగ్రాములు రాసేవాళ్ల గీత, దానికీ దండానికీ చుట్టరికం లేదు. దేవనాగరి దండం మాకెందుకు అని రోషపడినవాళ్ల పుస్తకాల్లో కూడా నాకు కనిపించింది 124 నంబరు గీతే.

మొత్తం తెలుగు పట్టికలో విరామ చిహ్నం అన్న కోవలోకి వచ్చే గుర్తు ఒకే ఒక్కటి ఉంది. 2019లో వచ్చింది, నంబరు 3191. దాని పేరు సిద్ధం. శాసనాల మొదట్లో మంగళంగా చెక్కే గుర్తు. ఓనమాలు దిద్దించేటప్పుడు ఓం నమః శివాయ సిద్ధం నమః అని పలికించేవాళ్లు కదా, ఆ సిద్ధమే ఇది. తక్కిన చిహ్నాలు వాక్యాన్ని ఆపడానికి ఉంటాయి, మనకంటూ ఉన్న ఈ ఒక్క చిహ్నం రాత మొదలుపెట్టడానికి. దాని పక్కనే, 3192 నుంచి, తూములూ కుంచాలూ కొలిచిన రోజుల్లో కరణాలు నాలుగో వంతుల లెక్కన భిన్నాలు రాసిన గుర్తులున్నాయి. అవి 2008లో చేరాయి. ఇవన్నీ లిపుల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ప్రతిపాదనలు రాసి, పాత ప్రతుల్లోంచి ఆధారాలు చూపించి సాధించినవి. వాళ్ల శ్రమకి నేను చేతులెత్తి దండం పెడతాను, ఈ దండానికి నంబరు అక్కర్లేదు.

ఇక కనిపించని గుర్తు సంగతి. ఈ ప్రాంతంలో సగం మంది చేసే ఉద్యోగం పేరు సాఫ్ట్‌వేర్. ఆ మాటని మీ ఫోనులో టైపు చేసి చూడండి. ట-కారపు పొల్లు పక్కన వ పడగానే రెండూ అతుక్కుని సాఫ్ట్వేర్ అని ముద్దవుతుంది. విడిగా ఉండాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెట్టాలి. దాని నంబరు 8204. తెర మీద కనిపించదు, కాగితం మీద సిరా పడదు. పక్కపక్క అక్షరాలను అతుక్కోవద్దని చెప్పడమే దాని పని. పారశీకంలో, ఉర్దూలో కూడా దీనితో పని ఉంది. తెలుగులో ఇప్పుడు ఇది లేకుండా రోజు గడవదు, ఎందుకంటే పొల్లుతో ఆగే ఇంగ్లీషు మాటలు మన వాక్యం నిండా ఉన్నాయి. సైబరాబాదు తన వృత్తి పేరుని తన భాషలో సరిగ్గా రాసుకోవాలంటే కనిపించని గుర్తు ఒకటి కావాలి. మాస్టారు ఉంటే దీన్ని ఏ రంగు పెన్సిలుతో దిద్దేవారో నాకు తోచదు. ఇంటర్నెట్ చిరునామాల చివర వచ్చే .భారత్ లాంటి పేర్ల నియమాల్లో దీనికి ప్రవేశమే లేదు. ఒకచోట నుంచి ఇంకోచోటికి అతికించేటప్పుడు చాలా ప్రోగ్రాములు దీన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి.

2018 ఫిబ్రవరిలో ఈ గుర్తు ప్రపంచ వార్త అయింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ కనిపించని గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసలో ఐదు నంబర్లు ఉన్న సందేశం వస్తే ఐఫోన్లలో ఆ సందేశాలు చూపించే ప్రోగ్రాములు కుప్పకూలాయి. తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతోందని దేశదేశాల పత్రికలు రాశాయి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 కూర్పు పంపి సరిచేసింది. పాపం జ్ఞా మీద నింద పడింది. మామూలుగా రాసే జ్ఞాకి ఏ జబ్బూ లేదు. మధ్యలో ఆ 8204 ఉన్నప్పుడు ఏం గీయాలో యంత్రానికి తోచలేదు, అంతే. మన లిపికి నంబర్లు దొరికి అప్పటికి ఇరవై ఆరేళ్లు దాటింది. నంబరు దొరకడం వేరు, ఆ నంబర్ల వరసని తప్పు లేకుండా గీయగల ప్రోగ్రాము తయారవడం వేరని ఆ నెలలో ప్రపంచమంతా చూసింది.

మళ్లీ చుక్కల దగ్గరికి వస్తాను. ఈ కారిడారులోనే ఒక ఆఫీసులో తెలుగు వెతుకులాటను పరీక్షించే బృందంలో కొన్నాళ్లు పనిచేశాను. ఒకరోజు ఫిర్యాదు వచ్చింది. అంతఃపురం అని వెతికితే ఏమీ దొరకడం లేదు. దొరకదు, ఎందుకంటే పోగుచేసిన పాఠాల్లో అత్యధికం "అంత:పురం" అనే ఉంది. ప్రోగ్రాము ఆ కోలన్ దగ్గర మాటని కోసేసి, అంత అనే ముక్కని ఒక గడిలో, పురం అనే ముక్కని ఇంకో గడిలో పడేసింది. ఇంకో రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రవాడు, చురుకైనవాడు, రెండు నిమిషాల్లో మందు కనిపెట్టాడు. రెండు తెలుగు అక్షరాల మధ్య కోలన్ ఉంటే దాన్ని విసర్గ అనుకోమన్నాడు. "దు:ఖం" కూడా దారికొచ్చింది. అందరం టీ తాగడానికి వెళ్లాం.

తిరిగొచ్చేసరికి కొత్త చిక్కు. మాట చివర వచ్చే విసర్గ మాటేమిటి? నమః అన్నచోట కోలన్ కొట్టినవాళ్లున్నారు. అది విసర్గే. కానీ గమనిక అని రాసి పక్కన నిజంగానే కోలన్ పెట్టినవాళ్లూ ఉన్నారు. అది కోలనే. ఏది ఏదో తేల్చాలంటే మాట అర్థం తెలియాలి, అంటే యంత్రానికి సంస్కృతం నేర్పాలి. వారం రోజులు తన్నుకుని, చివరికి ఒక చిన్న జాబితా రాసిపెట్టి చేతులు దులుపుకున్నాం. ఆ జాబితాలో లేని మాటలు ఇప్పటికీ ఏదో ఒక గడిలో ముక్కలై పడి ఉంటాయి. మా బృందం చేసిన పనిలో నాకు సిగ్గనిపించేది అదొక్కటే.

ఆర్మేనియన్లకీ ఇదే తలనొప్పి ఉంది. మీటల మీద చేతికి దగ్గరగా ఉండేది 58, వెతుక్కోవాల్సింది 1417. వాక్యం చివర కోలన్ కొట్టేసి పోయేవాళ్లు అక్కడా ఉన్నారు. యూనికోడ్‌కి ముందు వాళ్లకీ మన ఇస్కీ లాంటిదే ఒక సొంత పట్టిక ఉండేది, పేరు కూడా ఆర్మ్‌స్కీ. పేర్లే కాదు, చేతివాటాలూ కలిశాయి.

సున్నా గొడవ ఇంకా తమాషాగా ఉంటుంది. పూర్ణానుస్వారం, అంటే మనం రోజూ పెట్టే సున్నా, 3074. తెలుగు అంకె సున్నా 3174. సరిగ్గా వంద తేడా. పాత ఫాంట్ల నుంచి మార్చిన పాఠాల్లో అనుస్వారం ఉండాల్సినచోట అంకె సున్నా కూర్చుని ఉన్న మాటలు నేను వందల్లో ఏరాను. అలా రాసిన మాట అకారాది క్రమంలో అక్షరాల మధ్య చేరదు. నిఘంటువు చేసేవాళ్లకి ఇది ఎంత నరకమో వాళ్లనే అడగండి.

తప్పు ఎవరిది? విసర్గ కోసం ఆర్‌టీఎస్‌లో రెండు మీటలు కొట్టాలి, ఇన్‌స్క్రిప్టులో షిఫ్ట్ పట్టుకుని అడ్డగీత మీట నొక్కాలి. ఫోనులో చూస్తే అచ్చుల వరస చివర ఎక్కడో దాక్కుని ఉంటుంది. కోలన్ మాత్రం ఎప్పుడూ చేతి కిందే. సీసపు కేసులో విసర్గ గడి ఖాళీ అయ్యేది, కాబట్టి ఆనాటి కంపోజిటరుకి ఒక సాకు ఉంది. ఇప్పుడు గడి ఎప్పటికీ ఖాళీ కాదు. ఒక్క 3075తో కోటి విసర్గలు రాసుకోవచ్చు. అయినా కోలనే కొడుతున్నాం. బడ్జెట్లు, కమిటీలు, తీర్మానాలు దీనికి మందు కాదు. కీబోర్డు తయారుచేసేవాళ్లు ఈ హాలుకి నడిచి రాగలిగినంత దూరంలోనే కూర్చుని పనిచేస్తున్నారు. తెలుగు అక్షరం వెంటనే కోలన్ నొక్కి, ఆ వెంటనే ఇంకో తెలుగు అక్షరం కొడితే విసర్గ కావాలా అని ఆ కీబోర్డే అడగవచ్చు. ఆ ఒక్క సాయం చేసిపెట్టమని వాళ్లని అడుగుతున్నాను. డీటీపీ చేసేవాళ్లని ఇంకోటి అడుగుతున్నాను. పుస్తకం అచ్చుకి పంపేముందు ఫైలులో కోలన్ కోసం ఒకసారి, 124 నంబరు గీత కోసం ఒకసారి వెతకండి. ఐదు నిమిషాల పని.

ఈ ప్రసంగ పాఠం చిన్న పుస్తకంగా వస్తుందని నిర్వాహకులు చెప్పారు. ప్రూఫులు నేనే దిద్దుతానని అడిగి తీసుకున్నాను. ఇందులో కోలన్ మూడు చోట్ల మాత్రమే ఉంది. ఒకటి మన ఆహ్వాన పత్రంలోది, ఒకటి అంతఃపురంలో, ఒకటి దుఃఖంలో. మూడూ తప్పు చూపించడానికి పెట్టినవే. నాలుగోది మీకు కనబడితే అది నా తప్పు, ఎర్ర పెన్సిలుతో చుట్టి నాకు పంపండి.